తాళాల పిన్ని, పన్నెండు పిట్టలు

పాతపేటలో చూడదగ్గవి అయిదున్నాయి. అయిదింటికీ తాళాలున్నాయి. ఆ తాళంచెవులు అయిదూ మా పిన్ని నడుముకి వేలాడుతుండేవి. కాబట్టి పాతపేట చూడాలంటే ముందు మా పిన్నిని చూడాలి. చాలామంది అక్కడితోనే చాలనుకుని వెళ్లిపోయేవాళ్లు.

ఆవిడ కాపురం పేట మొదట్లో ఉన్న కమాను మీది ఒంటిగదిలో. ఆ గది నేలలో బిందె పట్టేంత కన్నం ఒకటుంది. పూర్వం పేట మీద పడ్డవాళ్ల నెత్తిన కాగిన నూనె పొయ్యడానికి పెట్టిందట. పిన్ని అందులోంచే జనంతో మాట్లాడేది. కింద నిలబడి మర్యాదగా "అమ్మా" అన్నవాళ్లకి "వస్తున్నా" అని జవాబు వచ్చేది. "ఎవరక్కడ, తలుపు తియ్యండి" అని దబాయించినవాళ్లకి అంట్లు కడిగిన నీళ్లు వచ్చేవి.

"నూనె ఖరీదు పెరిగింది, అందుకని నీళ్లు. సర్దుకోండి," అనేది కన్నంలోంచి.

ఊరందరికీ ఆవిడ తాళాల పిన్ని. నాకు సొంత పిన్ని, మా అమ్మకి చెల్లెలు. వయసులోనే చెల్లెలు, నోటిలో మా అమ్మకి అమ్మ.

అసలు తాళాల ఉద్యోగం బాబాయిది. ఆయన పాతికేళ్లు తాళాలు తీసి, వేసి, ఒకరోజు మధ్యాహ్నం గడియారం బురుజు మెట్ల మీద కూర్చుని మరి లేవలేదు. వారం తిరక్కుండా పాతకట్టడాల ఆఫీసువాళ్లు తాళంచెవుల గుత్తి కోసం వచ్చారు. పిన్ని మారు మాట్లాడకుండా ఇచ్చేసింది. వాళ్లు ఎర్రటి ఎండలో గంటన్నర కుస్తీ పట్టినా ఒక్క తలుపూ తెరుచుకోలేదు. స్నానాల ఇంటి తలుపుని మన వైపు లాగిపట్టి చెవి తిప్పాలి. ధాన్యం కొట్టుకి మోకాలితో ఒక్కటివ్వాలి. వర్తకుడి మేడ తలుపు కుంగిపోయింది, దాన్ని రెండు చేతులతో పైకెత్తి, మూడో చేత్తో తాళం తియ్యాలి. ఆ మూడో చెయ్యి ఎక్కడిదో బాబాయి పిన్నికి ఒక్కదానికే చెప్పాడు. పిన్ని అంతసేపూ అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ చూసింది. తర్వాత లేచి, పొట్టు దులుపుకుని, పది నిమిషాల్లో అయిదూ తీసేసింది. ఆఫీసువాళ్లు గుత్తి ఆవిడకే ఇచ్చి వెళ్లారు. షరతు ఒకటే: తాళాలు ఎవరివో గది వాళ్లది. తాళాలు పోతే గదీ పోతుంది.

నేను పద్ధెనిమిదో ఏట వచ్చి పడ్డాను. "నీ దగ్గరైనా బాగుపడతాడేమో చూడు," అని మా అమ్మ నన్ను పాత బీరువాలా పంపించేసింది. పిన్ని నన్ను పైనుంచి కింది దాకా చూసి, "చూడదగ్గవి అయిదున్నాయి, ఇది ఆరోది. దీనికి టిక్కెట్టు పెడితే ఎవడూ కొనడు," అంది.

పేట గురించి నాకు తెలిసిందంతా ఆవిడ వెనక తిరిగి నేర్చుకున్నదే. వచ్చినవాళ్లని ఆవిడ తిడుతూ చూపించేది. వాళ్లు ఇంకా కావాలన్నట్టు వెంటపడేవాళ్లు. బురుజు కింద ఒక భారీ మనిషి మెట్లెన్ని అని అడిగితే, "నూట పన్నెండు. మీరెక్కితే మీకు ఆయాసం, దానికి ఆఖరి రోజు. కిందే కూర్చోండి, ఎక్కినవాళ్లు దిగొచ్చి చెప్తారు," అంది. ఆయన నవ్వలేక నవ్వుతూ కూర్చున్నాడు.

వర్తకుడి మేడ ఆవిడకి ప్రాణం. ఆ కథ చెప్పేటప్పుడు మాత్రం తిట్లుండవు. వర్తకుడు పెళ్లాన్ని గడప దాటనిచ్చేవాడు కాదట. ఆవిడ వీధి చూడ్డానికి చెక్కతో జాలీ కిటికీ పెట్టించాడు. జాలీలో ఒకే ఒక్క కన్నం అంచు అరిగి నున్నగా ఉంటుంది. "ఆవిడ కన్ను ఆనించిన చోటు ఇదే," అని పిన్ని చూపిస్తే, వచ్చినవాళ్లందరూ వేలు పెట్టి చూసేవాళ్లు. పాతికేళ్లుగా పెట్టిన వేళ్లకి అది నిజంగానే అరిగిపోయింది. ఆ మాట నేనంటే పిన్ని నా నెత్తిన మొట్టింది.

మేడ మీద పడకగదిలో కప్పంతా పిట్టల బొమ్మలు. పెళ్లానికి బయటి పిట్టల మీదికి మనసు పోకూడదని వర్తకుడు ఇంట్లోనే గీయించాడట. రెక్క విప్పిన పిట్ట ఒక్కటీ ఉండకూడదని చిత్రకారుడికి గట్టిగా చెప్పాడు. పదకొండు పిట్టలూ రెక్కలు ముడుచుకుని, వాన పడితే చూరు కింద చేరినట్టు ఉండేవి. పన్నెండోది, నీలిపిట్ట, గుమ్మం పైన మూలగా ఉండేది. రెక్కలు బార్లా చాపి ఉండేది. గదిలోకి వచ్చేవాడికి కనబడదు, బయటికి పోయేవాడికే కనబడుతుంది. "వర్తకుడు ఎప్పుడూ పెళ్లాం వంక చూసుకుంటూ వెనక్కి నడిచి వెళ్లేవాడు. అందుకని చచ్చేదాకా దాన్ని చూళ్లేదు," అని ముగించేది పిన్ని.

ఆవిడతో పరాచికాలాడ్డం నాకు దినచర్య. స్నానాల ఇంట్లో గూళ్ల నిండా పాత రాగిచెంబులు వరసగా ఉంటాయి. ఒకరోజు ఆ వరసలో ఎర్ర ప్లాస్టిక్ మగ్గు ఒకటి పెట్టాను. గోడకి మేకు ఊడితే గుమ్మంలోనే కనిపెట్టే మనిషి, ఏడుగురిని వెంటేసుకుని ఆ గూళ్ల ముందు నిలబడి, "ఇవన్నీ రెండు వందల ఏళ్ల నాటివి," అంది. ఏడుగురూ మగ్గు వంక చూశారు. నేను వెళ్లి గోడ వెనక కడుపు పట్టుకుని నవ్వాను. సగం నవ్వాక ఏదో తేడాగా తోచింది.

ఆ వానాకాలంలో నీలిపిట్ట రాలిపోయింది. పొద్దున వెళ్లేసరికి గచ్చంతా నీలం పొడి, పైన ఎర్రటి ఇటుకలు. నేను ఊడ్చేశాను, ఆవిడే చూస్తుందిలే అని చెప్పలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం పిన్ని వచ్చినవాళ్లని గుమ్మం వైపు తిప్పి, వేలెత్తి, ఇటుకల్ని చూపించి, "చూశారా దాని రెక్కలు," అంది. ఒక పెద్దాయన కాసేపు చూసి, పాపం, "చాలా బాగుందమ్మా," అన్నాడు.

అందరూ వెళ్లాక అడిగాను.

"పిన్నీ, నీకు ఎన్నాళ్లనుంచి కనబడ్డం లేదు?"

"ఏం కనబడ్డం లేదు? నీ వెధవ మొహం కనబడుతూనే ఉంది."

"నీలిపిట్ట రాలిపోయి నాలుగు రోజులైంది."

ఆవిడ గోడకి ఆనుకుని నిలబడింది. చెయ్యి తాళాల గుత్తి మీదికి పోయింది. "మనిషి ఉన్నాడని తెలుస్తుంది, మొహం తెలీదు. వెలుగు తెలుస్తుంది, రంగు తెలీదు. కంటి నరాలు ఎండిపోయాయన్నాడు డాక్టరు. ఇక పచ్చబడవట," అంది. తర్వాత, "ఆఫీసులో తెలిస్తే తాళాలు పోతాయి. తాళాలు పోతే గది పోతుంది. గది పోతే మీ అమ్మ పంచన పడాలి. మీ అమ్మ చేతి వంట తినడం కంటే బురుజెక్కి దూకడం నయం," అంది.

"నూట పన్నెండు మెట్లు ఎక్కాలి, ఆలోచించుకో," అన్నాను.

ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజే ఒప్పందం అయిపోయింది.

అప్పట్నుంచి పొద్దున్నే ఆవిడ లేవకముందే అయిదూ తిరిగి వచ్చి, టీ తాగుతూ చెప్పేవాణ్ని. స్నానాల ఇంట్లో పంపు దగ్గర నాచు పట్టింది, జారుతుంది. ధాన్యం కొట్టు మూడో దూలానికి చెదలు. మేడ మీద జాలీకి ఎడమవైపు ఎవడో పేరు చెక్కాడు. ఆవిడ ఒక్కసారి వింటే చాలు. ఆ మధ్యాహ్నమే జాలీ ముందు ఆగి, "ఈ పేరున్న మహానుభావుడు మీలో ఉంటే ముందుకి రండి, ఉలి ఇస్తాను, ఇంటి పేరు కూడా చెక్కి పోదురుగాని," అని తిట్టేది. రెండేళ్లు ఎవడికీ అనుమానం రాలేదు. నిజం చెప్పాలంటే, కళ్లున్నప్పటికంటే బాగా చూపించింది.

ఇక నా పాపం.

బొమ్మలు గీసే అమ్మాయి ఒకామె నాలుగు రోజులపాటు వచ్చింది. ద్వారబంధాలు గీసుకునేది. పాతకట్టడాల మీదే పెద్ద చదువు చదువుతున్నానని నేను ఆ అమ్మాయి దగ్గర కోతలు కోశాను. నాలుగోరోజు బురుజు కింద పదిమంది మధ్యలో ఆ అమ్మాయి పిన్నితో, "మీ అబ్బాయికి చాలా తెలుసండీ, చదువుకున్నవాళ్లు కదా," అంది.

"చదువా? వీడా?" అంది పిన్ని. "పదో తరగతి గుమ్మం దాకా మూడుసార్లు వెళ్లొచ్చాడమ్మా. మూడుసార్లూ లోపలికి రానివ్వలేదు. అక్కడ కూడా తాళం నేనే వేశాననుకుంటాడు."

పదిమందీ ఘొల్లున నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వింది. ఆ తర్వాత మళ్లీ రాలేదు.

మర్నాడు పొద్దున టీ ముందు కూర్చుని చెప్పాను.

"పిన్నీ, మేడ మీద కప్పుకి సున్నం కొట్టేశారు."

గ్లాసు ఆవిడ నోటి దగ్గర ఆగింది. "ఎవరు?"

"ఆఫీసువాళ్లే. నిన్న నువ్వు సంతకి వెళ్లినప్పుడు వచ్చారు. చెమ్మ దిగుతోందట. పిట్టలన్నీ పోయాయి."

"నువ్వేం చేస్తున్నావురా?"

"తాళం తీశాను. ఆఫీసువాళ్లు కదా."

ఆవిడ గ్లాసు కింద పెట్టేసింది. నాకు హాయిగా ఉంది. ఒక్క రోజు ఏడవనీ, సాయంత్రం చెప్పేద్దాం అనుకున్నాను. అంతకంటే ఏమీ అనుకోలేదు. పిల్లికి చెలగాటం అంటారే, పిల్లి కూడా అంతకంటే ఎక్కువ అనుకోదు.

ఆ రోజు వచ్చినవాళ్లు ఎనిమిదిమంది. కమాను కింద టిక్కెట్లు చింపి, వాళ్లని పిన్నికి అప్పగించి, నేను టీ కొట్టుకి వెళ్లాను. కొట్టువాడు గ్లాసు కడుగుతూ, "ఇవాళ ఆఫీసరమ్మ టిక్కెట్టు కొనుక్కుని మరీ వచ్చిందే, ఏంటి కథ?" అన్నాడు.

"ఎవరు?"

"గొడుగావిడ. ఆవిడేగా కొత్తగా వేసిన పెద్దాఫీసరు. నా కొట్టు తీయించెయ్యమని పోయిన వారం కాగితం ఇచ్చింది."

నేను పరిగెత్తాను. మేడ మెట్లు రెండేసి ఎక్కి గుమ్మంలో ఆగిపోయాను. పిన్ని గది మధ్యలో నిలబడి ఉంది. ఆవిడ నెత్తిన పదకొండు పిట్టలు, ఎండ పడి, నిన్న గీసినట్టున్నాయి.

"సున్నం వాసన కూడా రాకుండా కొట్టారు, దొంగవెధవలు," అంటోంది పిన్ని. "ఆఫీసు కుర్చీలో కూర్చున్నవాడికి సున్నానికీ రంగుకీ తేడా తెలీదు. చెమ్మ దిగితే కప్పు బాగుచేస్తారా, బొమ్మలు చెరిపేస్తారా? పిల్లాడికి చీమిడి కారితే ముక్కు కోస్తారా?"

ఏడుగురు పైకి చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గొడుగావిడ మాత్రం పైకి చూసి, పిన్నిని చూసింది. ఆమె ముప్పయ్యేళ్ల మనిషి, మెత్తటి గొంతు.

"ఎన్ని పిట్టలుండేవమ్మా?" అంది.

"పన్నెండు."

"ఎలా ఉండేవో చెప్తారా?"

పిన్ని చెప్పింది. అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. తూర్పు గోడ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క దాన్నీ వేలితో చూపిస్తూ వచ్చింది. ఇది గోధుమరంగుది, మెడ వెనక్కి తిప్పింది. ఇది పచ్చది, దీని ముక్కు చివర చిత్రకారుడి కుంచె వెంట్రుక ఒకటి అంటుకుపోయి ఉండేది. ఈ రెండూ అలిగాయి, వెనక్కి తిరిగి కూర్చున్నాయి. ఆఫీసరమ్మ ఆ వేలి వెంటే తల తిప్పుతూ, చిన్న పుస్తకంలో పెన్సిలుతో ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ వచ్చింది. వేలు ఒక్క జానెడు కూడా తప్పలేదు. నేను దగ్గొచ్చు. కాలు జారినట్టు పడొచ్చు. ఏదైనా చెయ్యొచ్చు. గుమ్మంలో దూలంలా నిలబడ్డాను.

"ఇప్పుడు పైన ఏముందమ్మా?"

"ఏముంటుంది, సున్నం."

వెనకనున్న కుర్రాడొకడు కిసుక్కున నవ్వాడు. ఇంకొకరెవరో ఊరుకోమన్నారు. ఆ ఊరుకోమనడం నవ్వు కంటే గట్టిగా వినబడింది. పిన్ని వేలు ఇంకా గాల్లోనే ఉంది. నా రొప్పు విని గుమ్మం వైపు తిరిగింది.

"ఒరేయ్, పైన ఏముందిరా?"

పుట్టాక నేను నిజం చెప్పిన సందర్భాలు వేళ్ల మీద లెక్కెట్టొచ్చు. అందులో ఒకటి అక్కడే నోరుజారి పడింది.

"పిట్టలున్నాయి పిన్నీ."

"ఎన్ని?"

"పదకొండు."

"ఎందుకలా చెప్పావు?"

ఉన్నదే చెప్పాను. "ఊరికే."

ఆవిడ వేలు దించేసింది. నన్ను తిట్టలేదు. ఎనిమిదిమందిని అరగంట తిట్టిన మనిషికి నా కోసం ఒక్క తిట్టు మిగల్లేదు.

ఆఫీసరమ్మ పుస్తకం మూసి, చెయ్యి చాపింది. పిన్నికి ఆ చెయ్యి కనబడదు. అది గాల్లో అలాగే ఉండిపోయింది. ఆఖరికి ఆమే, "తాళాలమ్మా," అంది. పిన్ని నడుము దగ్గర ముడి విప్పి గుత్తి ముందుకి చాపింది. చెయ్యి ఒక పక్క, గుత్తి ఒక పక్క. వదిలేసింది. గచ్చు మీద పడ్డ చప్పుడికి ఎవరూ కదల్లేదు. నేను వంగి తీశాను.

"వాడి దగ్గరే ఉండనివ్వండి," అంది పిన్ని. "మా అక్క కొడుకు. ఆ తలుపులు మీవాళ్లతో కావు. వాడికి అన్నీ వచ్చు, నేనే నేర్పాను. చూడ్డం కూడా వచ్చు. గది ఎలాగూ వాడిదవుతుంది, నేను మూలన పడుంటాను."

ఆఫీసరమ్మ నన్ను ఎగాదిగా చూసింది. నెల తిరక్కుండా కాగితం వచ్చింది. మూడుసార్లు పదో తరగతి తప్పినవాడికి అంతకంటే మంచి ఉద్యోగం ఊళ్లో లేదు.

ఆ కాగితం వచ్చిన పూట నుంచి పిన్ని నన్ను మీరు అంటోంది.

"తాళాల బాబుగారూ, టీ పెట్టమంటారా? మీ గదిలో నా మంచం అడ్డంగా ఉందా, జరపమంటారా?"

"పిన్నీ, ఆపు."

"మీరెలా చెబితే అలాగేనండి."

మొదట్లో నవ్వులాట అనుకున్నాను. రెండేళ్లయింది. ఒక్కసారి కూడా 'ఒరేయ్' అనలేదు. నెత్తిన మొట్టనూ లేదు. పొద్దున టీ దగ్గర పాత అలవాటు కొద్దీ నేను అయిదింటి సంగతీ చెబుతాను. ఆవిడ తల ఊపి, "అలాగేనండి," అంటుంది. ఒక్క ముక్కా నమ్మదు. ధాన్యం కొట్టు మూడో దూలం విరిగి పడిందని చెబితే, "పోనీలెండి, మీ నోట పడింది కాబట్టి గట్టిగా ఉన్నట్టే," అంది.

పగలంతా కమాను కింద అరుగు మీద కూర్చుంటుంది. మేడకి వెళ్లబోయే వాళ్లని ఆపి కథ చెప్పి పంపిస్తుంది. వర్తకుడు, పెళ్లాం, జాలీ, పన్నెండు పిట్టలు. పదకొండు కాదు, పన్నెండు. నీలిపిట్ట రాలిపోయిందని చెప్పింది కూడా నేనే కదా. అదీ అబద్ధమే అయుంటుందని తేల్చుకుంది.

పోయిన వానాకాలం నిజంగానే చెమ్మ దిగింది. ఆరు పిట్టలు ఒకే వారంలో పెచ్చులూడి పడ్డాయి. ఒక పెచ్చు ఎవరి భుజం మీదో పడింది. ఆఫీసు నుంచి నలుగురు వచ్చి, మిగిలినవి కూడా గీకేసి, పైనంతా సున్నం కొట్టి వెళ్లారు. ఈసారి తాళం తీసింది నిజంగా నేనే. ఆ సాయంత్రం వచ్చి ఆవిడ ముందు కూర్చున్నాను. బట్టలకి సున్నం వాసన.

"పిన్నీ, పిట్టలు పోయాయి. కప్పంతా సున్నం కొట్టేశారు."

ఆవిడ చాలా రోజుల తర్వాత నవ్వింది. "పాత కథే చెబుతున్నారే. ఒంటికి వాసన కూడా పూసుకొచ్చారు, పనితనం పెరిగింది."

చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్లి, కుర్చీ ఎక్కించి, కప్పు తడిమించాలనుకున్నాను. ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది.

నిన్న ఒక ముసలాయన వచ్చాడు, చేతికర్ర, మర్యాదస్తుడు. అరుగు దగ్గర పిన్ని చెప్పిందంతా విని, మెల్లగా మేడెక్కి, తెల్లటి కప్పు కింద నిలబడి, ఏ పిట్టలు ఎక్కడున్నాయని నన్ను అడిగాడు. లేవని చెప్పాను. ఆయన దిగి వెళ్లి, పిన్ని ముందు ఆగి, తప్పు తనదైనట్టు గొంతు తగ్గించి చెప్పాడు. "అమ్మా, పైన ఏమీ లేదమ్మా. సున్నం ఉంది."

పిన్ని ఆయన చెయ్యి వెతికి పట్టుకుని తట్టింది.

"మావాడు మీ చేత కూడా చెప్పించాడా? మీరు చాలా బాగా చెప్పారండీ. ఇందాక వచ్చినవాళ్లకి ఇదే చెబుతుంటే నవ్వు ఆగలేదు."